రెక్కలు విప్పి రవాణా చేయుట

తీర రవాణా విభాగం, మూడవ షెడ్డు. పనినమోదు పుస్తకం. కొత్త తీరం ఏర్పడిన ముప్పై ఒకటవ సంవత్సరం. రాయువారు: గంటి భీమశంకరం, పర్యవేక్షకుడు, రెండవ తరగతి.

నమోదు 1. ఆగస్టు 17, ఉదయం 6.20.

వస్తువు: నేలమీదా నీటిమీదా దిగగల చిన్న విమానం, ఒకటి. వయస్సు ఇరవై రెండేళ్ళు. సీట్లు రెండు; ఒకటి పైలట్‌కు, ఒకటి ప్రయాణికుడికి.

పని: పై వస్తువును షెడ్డు నుండి నదీముఖం వద్ద ఉన్న మొగ రేవుకు ట్రెయిలరు మీద చేర్చుట. దూరం నలభై ఆరు కిలోమీటర్లు. ఎగరగల వస్తువును ట్రాక్టరుతో లాగించడం దేనికని ఎవరైనా అడగవచ్చును. జిల్లా మీది ఆకాశం మొత్తం పార్సిలు యంత్రాలకు లీజుకు ఇవ్వబడింది. మొగ నుండి గువ్వల్లంక దాకా ఉన్న ఆకాశం మాత్రం లీజులో లేదు. లంకలో పార్సిళ్ళు తెప్పించుకునేవారు లేకపోవడమే అందుకు కారణం.

అవసరం: 19వ తేదీ సాయంత్రం నాలుగు గంటలకు ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తబడును. అర్ధగంటలో గువ్వల్లంక మీద రెండు నిలువుల నీరు నిలుచును. నది నిండా గుర్రపుడెక్క చాపలు పరచినట్టు పేరుకుపోయి ఉన్నందున పడవలు వెళ్ళలేవు. గేట్లను ఎత్తేది యంత్రం. వాయిదా కోరదలచిన లంకవాసులు స్వయంగా హాజరై వేలిముద్ర వేయవలెనని అది తెలిపింది. హాజరు కాగలిగితే వాయిదాయే అక్కరలేదని మేము విన్నవించాము. జవాబు: ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.’

లంకలో మనుషులు: పన్నెండు. పదకొండుగురు నివాసితులు, ఒక వైర్‌లెస్ ఆపరేటరు. ఆపరేటరు గంటి త్రిపురసుందరి ఈ లేఖరికి స్వయానా అక్క. ఆ విషయం పనికి సంబంధించినది కాదు గనుక ఇకపై ప్రస్తావించబడదు.

లెక్క: రానూ పోనూ ట్రిప్పుకు యాభై నిమిషాలు. ఎగరడం పగటివేళ మాత్రమే. ఈ రోజు మొగకు చేరి రేపు ఉదయం ఆరు నుండి ఎగిరితే దొరికే ట్రిప్పులు ఇరవై ఆరు. కావలసినవి పన్నెండు. పరిస్థితి సంతృప్తికరం.

నమోదు 2. అదే రోజు, ఉదయం 10.15.

ఎక్కింపు పూర్తయినది, రెండవసారి.

సిబ్బంది ముగ్గురు: నేను; పైలట్ దావూద్, అరవై ఒకటేళ్ళవాడు, మితభాషి; మెకానిక్కూ ట్రాక్టరు డ్రైవరూ అయిన మైలపల్లి నూకరత్నం, మితభాషి కాదు.

మొదట నూకరత్నం రెక్కల బోల్టులు తీసి, రెండింటినీ పాత పరుపులలో చుట్టి ట్రెయిలరు పక్కలకు కట్టింది. విమానం అడుగున పాత టైర్లు పరిచి, చేతిమరకు తీగె తగిలించి, వాలుబల్ల మీదుగా పైకి లాగాము. షెడ్డులో అది నిలబడి ఉన్న తీరునుబట్టి తోక ముందుగా ఎక్కించడం సులువని నేను ఆదేశించాను. పైలట్ తలకాయ వెనుక, విమానం నెత్తిమీద ఉన్న ఇంజను బరువంతా ట్రెయిలరు చివరికి వచ్చింది. కొక్కెం పైకి లేచింది. దానితోపాటు ట్రాక్టరు వెనుక చక్రాలు నేలను విడిచాయి.

"బాగుందండీ. ఇమానం ఎగరాపోయినా ట్రాక్టరు ఎగిరింది," అన్నది నూకరత్నం, సీటులోంచి దిగకుండానే.

దించి, తిప్పి, ముక్కు ముందుగా మళ్ళీ ఎక్కించాము. ఆరు పటకాలతో బిగించాము. దావూద్ ప్రతి పటకాన్నీ వేలితో మీటి, వీణ శ్రుతి చూస్తున్నట్టు చెవి దగ్గర పెట్టి విన్నాడు. బాగున్నదని తల ఊపాడు.

నమోదు 3. అదే రోజు, మధ్యాహ్నం 12.40.

మొదటి నాకా. ఇక్కడ మనుషులు ఉండరు. ఒక స్తంభం, దానికి ఒక కన్ను, ఒక గొంతు, దారికి అడ్డంగా ఎరుపు తెలుపు చారల కర్ర ఉంటాయి. గొంతు స్త్రీది, మర్యాదస్తురాలు.

"నమస్కారం. మీ పర్మిట్టులో ‘రెక్కలు విప్పి రవాణా చేయబడును’ అని ఉన్నది. రెక్కలు విప్పబడి లేవు. లోడు పర్మిట్టుతో సరిపోలలేదు."

రెక్కలు విప్పబడే ఉన్నాయని, విప్పి పరుపులలో చుట్టామని చెప్పాము.

"విప్పిన రెక్కలు చాచబడి ఉండును. మీవి చుట్టబడి ఉన్నవి."

ఇక్కడ ఒక వివరణ అవసరం. నట్టును విప్పుతారు, మూటను విప్పుతారు, చొక్కాను విప్పుతారు. పక్షి కూడా రెక్కలు విప్పుతుంది. ఈ తగాదాలో యంత్రం పక్షి పక్షాన ఉన్నది.

రెక్కలు చాచినచో విమానం వెడల్పు పది మీటర్లు, నాకా వెడల్పు ఆరు మీటర్లని విన్నవించాము. వెడల్పు విషయం ప్రయాణికుల స్వంత బాధ్యత అని జవాబు వచ్చింది.

పర్మిట్టు దరఖాస్తు రాసినవారి పేరు ఇక్కడ నమోదు చేయవలసి ఉన్నది. రాసినది నేనే. ‘తొలగించి’ అని రాయవచ్చును. ఆ మాట గుమాస్తా మాటగా తోచి ‘విప్పి’ అని రాశాను. రాసిన రోజున ఆ వాక్యాన్ని పైకి రెండుసార్లు చదువుకున్నాను కూడా.

"గుద్దేద్దారండీ," అన్నది నూకరత్నం.

గేటు ప్రభుత్వ ఆస్తి అని చెప్పాను.

"ఆ లంకలో ఉన్న పన్నెండు మందీ ఎవరి ఆస్తండీ?"

ఈ ప్రశ్న పని పరిధిలోకి రాదు గనుక జవాబు నమోదు చేయలేదు.

నమోదు 4. అదే రోజు, సాయంత్రం 6.00.

పదసవరణకు దరఖాస్తు చేశాము. నాకా స్తంభానికే ఆ సౌకర్యం ఉన్నది. ప్రయత్నాల సారాంశం:

‘రెక్కలు ఊడదీసి’ అన్నాము. ఊడదీయుట నష్టం కిందకు వచ్చును, పరిహారపు విచారణ జరుగువరకు వాహనం కదలరాదని చెప్పింది. ‘రెక్కలు మడిచి’ అన్నాము. ఈ నమూనా విమానానికి మడత లేదు, తప్పుడు సమాచారమని చెప్పింది. ‘రెక్కలు తొలగించి’ అన్నాము. రెక్కలు లేనిచో అది విమానం కాదు గనుక విమానానికి తీసుకున్న పర్మిట్టు చెల్లదని చెప్పింది. చివరకు నూకరత్నం ముందుకు వచ్చి ఒక క్రియాపదం వాడింది. ఆ మాట నిఘంటువులో లేదని స్తంభం చెప్పింది.

ఇక మిగిలిన మామూలు సవరణకు ఏడు పనిదినాలు పడతాయి.

సాయంత్రం వైర్‌లెస్‌లో గువ్వల్లంకతో సంభాషణ. సంభాషణలు రికార్డు అవుతాయి గనుక ఆపరేటరు నియమం ప్రకారమే మాట్లాడుతుంది.

"పర్యవేక్షకులు గారూ, మీ స్థానం తెలపండి. ఓవర్."

"మొదటి నాకా. ఓవర్."

ఇంతలో మైకు మరొకరి చేతికి పోయినట్టు తెలిసింది.

"ఏవండీ సూపరైజరు గారూ, కోరాడ సూరన్ననండి. ఇమానం ఎగిరొత్తందనుకున్నాం. నడిచొత్తందాండీ?"

నడిచి కూడా రావడం లేదని చెప్పవలసి వచ్చింది. సూరన్న చాలాసేపు నవ్వాడు. డెబ్బై నాలుగేళ్ళవాడు. విమానం దిగడానికి నీటిలో నాలుగు వందల మీటర్ల మేర గుర్రపుడెక్కను లాగి బాట చేస్తున్న బృందానికి నాయకుడు. లాగినంత డెక్కా తెల్లారేసరికి మళ్ళీ కమ్ముకుంటుంది. వాళ్ళు మళ్ళీ లాగుతారు.

"మేం పగలంతా దారి సేత్తన్నాం, అది రేత్రంతా మూత్తంది. మీరుగానీ మీ నాకా ఆవిడిగానీ దాని సుట్టాలేవోనండి," అన్నాడు.

నమోదు 5. ఆగస్టు 18, మధ్యాహ్నం 12.00.

ఈ రోజు దొరకవలసిన ట్రిప్పులలో ఏడు పోయినవి.

ఉదయం మా వెనుక ఒక బ్యాండు మేళం వ్యాను వచ్చి ఆగింది. పెళ్ళి వాయించి తిరిగి వెళుతున్నారు. భుజాల మీద బంగారు కుచ్చులున్న ఎర్రకోట్లలో ఆరుగురు దిగి, మా లోడు చుట్టూ తిరిగి చూశారు. వారి పెద్ద అప్పలకొండ, క్లారినెట్ వాయిస్తాడు, సంగతి అంతా విని ఇలా అన్నాడు:

"రెక్కలు చాపి ఉండాలంతే గదా బాబూ? బిగించి ఉండాలని ఆవిడ అందేటి?"

పర్మిట్టు మళ్ళీ చదివాను. బిగించి ఉండవలెనని లేదు.

రెక్కకు నలుగురు చొప్పున పట్టుకున్నాము. నేను ఎడమ రెక్కలో ఉన్నాను. విమానానికి ఇరుపక్కలా భుజాలకెత్తి నిలబడ్డాము. ట్రాక్టరు మీద నూకరత్నం ఇంజను నడుస్తూనే ఉంచింది. స్తంభం కన్ను ఒక చివర నుండి మరొక చివరకు తిరిగింది.

"రెక్కలు విప్పబడినవి. లోడు సరిపోలినది. మీ ప్రయాణం శుభప్రదం అగుగాక."

కర్ర లేచింది. అది లేచి ఉండేది తొంభై సెకన్లు. ట్రాక్టరు దూసుకుపోయింది. వెనుక ఎనిమిది మందిమీ రెక్కలను పొడవుగా తిప్పి, పాడె మోసేవాళ్ళలా పరుగెత్తాము. నా వెనుక డోలు వాయించే మనిషి అడుగుల లెక్క తప్పకుండా నోటితో తాళం వేస్తూ వచ్చాడు. కర్ర అతని టోపీని తీసుకున్నది. మరి ఏ నష్టమూ లేదు.

దొరికే ట్రిప్పులు, సాయంత్రానికి మొగ చేరితే: పన్నెండు. కావలసినవి: పన్నెండు. మిగులు లేదు. పరిస్థితి అనే గడి ఖాళీగా వదలడమైనది.

నమోదు 6. అదే రోజు, సాయంత్రం 6.30.

రెండవ నాకా వద్ద గాలి ఉన్నది. మేళంవారు అక్కడిదాకా తోడు వచ్చారు. కన్ను తిరుగుతుండగా కుడి రెక్క గాలికి లేచింది. పట్టుకున్న నలుగురిలో ఇద్దరి కాళ్ళు నేలను విడిచాయి. దావూద్ మొదటిసారిగా గట్టిగా మాట్లాడాడు.

"వదలకండి! అది ఎగరాలనుకుంటుంది! వదలకండి!"

వదలలేదు. కానీ రెక్క అంచు స్తంభానికి తగిలి, పైగుడ్డ మూరెడు మేర చిరిగింది. నాకా దాటాము. అతుకు వేసిన తరువాత జిగురు ఆరడానికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ దావూద్ అతుకు మీద తన లుంగీ నీడ పట్టి కూర్చున్నాడు.

మేళంవారు సెలవు తీసుకున్నారు. అప్పలకొండ వెళుతూ, "బాబూ, లంకోళ్ళు దిగాక ఓ మాట సెప్పండి, ఊరకనే వచ్చి వాయిస్తాం," అన్నాడు.

మూడవ నాకాకు ఆరు దాటి ఐదు నిమిషాలకు చేరాము. ఆరు గంటల నుండి ఉదయం ఏడున్నర దాకా యంత్రానికి విశ్రాంతి.

వైర్‌లెస్: "స్థానం తెలపండి. ఓవర్." తెలిపాను. "నీరు సగం మెట్టు పెరిగింది. అందరికీ కబురు చెప్పాను. ఓవర్." తరువాత, నియమానికి విరుద్ధంగా: "నువ్వు అన్నం తిన్నావా?"

తిన్నానని చెప్పాను. ఈ పుస్తకంలో అబద్ధం నమోదు కావడం ఇదే మొదలు.

నమోదు 7. ఆగస్టు 19, ఉదయం 9.05.

ఏడున్నరకు యంత్రం మేలుకున్నది.

"నమస్కారం. ఈ నాకా మరమ్మతుల నిమిత్తం మధ్యాహ్నం రెండు గంటల వరకు మూసివేయబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

రెండు గంటలకు కదిలి, మొగకు చేరి, రెక్కలు బిగించేసరికి నాలుగు దాటును. దొరికే ట్రిప్పులు: సున్న.

ఎదుట ఖాళీ రోడ్డు. దావూద్ రోడ్డు పక్కన కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. నూకరత్నం నా వైపు చూడకుండా, చాలా నెమ్మదిగా అడిగింది:

"దరఖాస్తు ఏదన్నా రాయాలాండీ?"

నేను ట్రాక్టరు ఎక్కాను. నాకు ట్రాక్టరు నడపడం రాదు. ఆమె పక్కకు జరిగి, కాలు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఏది జరిగినా స్టీరింగు వెనుక ఉన్న మనిషి పర్యవేక్షకుడై ఉండవలెనని నేను భావించాను.

కర్ర విరిగినది. శబ్దం కూడా సరిగా రాలేదు. తునకలు చక్రాల కింద పొట్టుపొట్టు అయినవి. కిందికి దిగి ఒక తునక తీసి చూశాను. ప్లాస్టిక్కు గొట్టం. లోపల డొల్ల. బొటనవేలితో నొక్కితే వంగుతున్నది.

యంత్రం, "శుభప్రదం అగుగాక," అన్నది. సైరను మోగలేదు. ఎవరూ వెంటపడలేదు.

నూకరత్నం కూడా ఒక తునక తీసి చూసింది. మొదటి నాకాలో ఉన్నదీ ఇటువంటిదే. ఆమె ఆ సంగతి అనలేదు. రెండు రోజులుగా నోరు మూయని మనిషి ఆ ఒక్కటీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నమోదు 8. అదే రోజు, ఉదయం 11.50.

పదింటికి మొగకు చేరాము. రెక్కలు బిగించడానికి మూడు గంటలు పట్టవలసినది నూకరత్నం గంటా యాభై నిమిషాలలో ముగించింది. పని ముగిసేసరికి ఆమె రెండు వేళ్ళకు గోళ్ళు లేవు.

నాలుగు గంటలలోగా దొరికే ట్రిప్పులు ఐదు. మనుషులు పన్నెండు.

"ఇద్దరిని ఎక్కిస్తా," అన్నాడు దావూద్. "సీటు పీకెయ్. పెట్రోలు సగమే పొయ్. కానీ బరువు తెలియాలి సార్. ఉజ్జాయింపు పనికిరాదు."

ఒక్క సీటు ఉన్న చోట ఇద్దరిని ఎక్కించుటకు అనుమతి ఎవరిదని అడగలేదు. సంతకం చేశాను.

లంకలో కొబ్బరికాయలు తూచే కాటా ఉన్నది. ఆపరేటరు అందరినీ దానిమీద నిలబెట్టి బరువులు చదివింది. తేలికవాళ్ళను బరువైనవాళ్ళతో జతలు కట్టింది. ఐదు జతలు. పది పేర్లు. మిగిలినవారు ఇద్దరు: కోరాడ సూరన్న, తాను.

"ఆ జాబితా ఎవరు నిర్ణయించారు? ఓవర్," అని అడిగాను.

"మీరు లేకపోతే నిర్ణయించేది నేనే గదా, పర్యవేక్షకులు గారూ. ఓవర్."

వెనుక నుండి సూరన్న: "నేనెక్కితే దారెవడు సేత్తాడండీ? ఆఖర్నొత్తాను. ఆరో టిప్పు పెట్టండి, మా ఇద్దరికీ!"

నమోదు 9. అదే రోజు. ట్రిప్పుల పట్టిక.

ఒకటి: బయలుదేరినది 11.50, తిరిగివచ్చినది 12.40. ఇద్దరు.
రెండు: 12.40, 1.30. ఇద్దరు. ఒకామె దిగి, నేల మీద కూర్చుని, లేవనన్నది.
మూడు: 1.30, 2.20. ఇద్దరు. ఒళ్ళో పిల్లి. బరువు కాటా వేయబడలేదు.
నాలుగు: 2.20, 3.10. ఇద్దరు. పైన గాలి ఎక్కువగా ఉన్నదని పైలట్ తెలిపాడు.
ఐదు: 3.10, 4.00. ఇద్దరు. వారు దిగుతుండగా ఎగువ నుండి హోరు వినిపించినది. గేట్లు నిమిషం కూడా ఆలస్యం చేయలేదు.
ఆరు: 4.03. దావూద్‌ను వెళ్ళమని నేను చెప్పలేదు. అతను దిగనేలేదు. నూకరత్నం పెట్రోలు పోసినంత సేపూ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాడు.

తిరిగివచ్చినది:

నమోదు 10. అదే రోజు, సాయంత్రం 5.50.

4.21కి వైర్‌లెస్: "విమానం దిగింది. దారి మూసుకుంటున్నది. సూరన్న గారు నీళ్ళలోకి దిగారు. వైర్‌లెస్ పెట్టె ఇక్కడే వదిలేస్తున్నాను. ఓవర్." ఆ తరువాత నేను అరవై మూడు సార్లు పిలిచాను. జవాబు లేదు.

4.53 దాటింది. ఐదు దాటింది. దిగిన పదిమందీ ఒడ్డున వరుసగా నిలబడి ఉన్నారు. నేను ఆకాశం చూస్తున్నాను. మెడ పట్టేసింది. అయినా దించలేదు.

"అటు కాదండీ," అన్నది నూకరత్నం. "నీళ్ళ మీద సూడండి."

వరద మీద, తెగిపోయిన గుర్రపుడెక్క తెట్టెల మధ్య, విమానం అడ్డంగా కొట్టుకు వస్తున్నది. ఇంజను ఆగిపోయి ఉన్నది. రెండు రెక్కల నుండీ డెక్క వేలాడుతున్నది. నూకరత్నం నడుముకు తాడు కట్టుకుని మెడలోతు నీళ్ళలోకి వెళ్ళింది. తాడును పదిమందీ పట్టుకున్నారు.

దిగినవారు: దావూద్. త్రిపురసుందరి.

దావూద్ చెప్పినది: విమానం తిరిగేసరికి డెక్క ముక్కుకు అడ్డంగా కమ్ముకున్నది. సూరన్న రొమ్ములోతు నీళ్ళలో నిలబడి గెడతో లాగుతూ, "నువ్వు ఇంజనెయ్యి బాబూ, కదిలినాక ఎక్కేత్తాను," అన్నాడు. ఆమె తలుపులోంచి వంగి గెడ రెండో కొసను పట్టుకున్నది. విమానం కదిలింది. అతను నవ్వాడు. అప్పుడు వెనుక నుండి నీరు వచ్చింది.

గెడ ఆమె చేతిలోనే ఉన్నది. పన్నెండు అడుగుల వెదురు. లోపల పట్టక, దారి పొడవునా తలుపు బయట పట్టుకునే వచ్చింది. ఒడ్డు ఎక్కిన తరువాత కూడా ఎవరికీ ఇవ్వలేదు.

నా దగ్గరకు వచ్చి, ఈ పుస్తకం వైపు చూసింది.

"శంకరం, ఇందులో పన్నెండని రాశావా?"

"రాశాను అక్కా."

"దిద్దు. లెక్క తప్పయింది."

పుస్తకం తీశాను. కలం తీశాను.

ఒడ్డుకు చేర్చబడినవారు: పదకొండుగురు. చేర్చబడనివారు: కోరాడ సూరన్న, డెబ్బై నాలుగు సంవత్సరాలు, గువ్వల్లంక. నమోదు ఒకటిలో ఉన్న పన్నెండు అను అంకె దిద్దబడదు. అది తప్పు కాదు.